మా అక్కను కోతకు పంపింది నేను కాదు

గుంటూరు జిల్లాలో మా బంధువుల పెళ్ళిళ్ళలో ఇప్పుడు నా మీద ఒక కథ నడుస్తోంది. భర్త పోయిన అక్కను ఐర్లాండ్‌కు పిలిపించుకుని, నాలుగు రోజులు కూర్చోబెట్టి అన్నం పెట్టలేక, పక్కనున్న ఆపిల్ తోటలో కూలికి పంపానట. నోరు మారినప్పుడల్లా కథకు ఒక సామాను కలుస్తుంది. మొన్న మా పెదనాన్నగారి కోడలు ఫోన్ చేసేసరికి అందులో గంపలు కూడా చేరాయి.

"ఏంది అమ్మాయ్, అక్క చేత నెత్తి మీద గంపలు మోయించావంటగా?"

"వదినా, ఈ దేశంలో ఆపిల్‌కాయల్ని ట్రాక్టర్లు మోస్తాయి. నెత్తిన గంప పెట్టుకున్న మనిషి ఇక్కడ కనబడితే పేపర్లో వేస్తారు" అన్నాను.

"ఏమో తల్లీ, నాకు చెప్పినోళ్ళు అట్టా చెప్పారు" అంది. చెప్పినవాళ్ళు ఎవరని అడిగితే టీవీలో వార్తలొస్తున్నాయని ఫోన్ పెట్టేసింది.

గంపల సంగతి వదిలేస్తాను. అక్కను తోటకు నేను పంపానన్నది అబద్ధం. నేను చేసిన పని వేరే ఉంది, అది ఇంతకంటే చెడ్డది. దాని గురించి ఏ పెళ్ళిలోనూ ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నేను ఒక మందుల ఫ్యాక్టరీలో కాగితాలు సరిచూసే ఉద్యోగం చేస్తాను. అక్కడ చేరిన మొదటి రోజే ఒక సూత్రం నేర్పుతారు: రాయనిది జరగనట్టే. అందుకని రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మే నెలలో మా బావ చనిపోయాడు. భోజనం చేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచి, పంపు దగ్గర కూలిపోయాడు. నేను పెద్దకర్మకు అందుకున్నాను. ఫ్యాక్టరీలో తనిఖీ ఉందని, వచ్చిన అయిదో రోజునే తిరిగి విమానమెక్కాను. మా వైపు ఒక ఆచారం ఉంది. భర్త పోయిన మనిషి ముందు పుట్టింటికి వెళ్ళి మూడు రాత్రులు నిద్ర చేసి రావాలి. అది అయ్యేదాకా ఇంకొకరి గడప తొక్కకూడదు. మాకు అన్నదమ్ములు లేరు. అమ్మా నాన్నా పోయి చాలా ఏళ్ళయింది. పెదనాన్న కొడుకు ఇంట్లో ఆ మూడు నిద్రలూ కానిచ్చేద్దామని పెద్దవాళ్ళు అన్నారు. అక్క ఒప్పుకోలేదు.

"నా పుట్టిల్లు నా చెల్లెలే. అదెక్కడుంటే అక్కడికే పోతా" అందట.

చెల్లెలు ఉన్నది కిల్కెన్నీ ఊరికి అవతల, పల్లెదారి మీద. అక్కడికి రావాలంటే వీసా కావాలి. వచ్చే కారణం రాయమని దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. మా అక్క నా ఇంట్లో మూడు రాత్రులు పడుకోవడానికి వస్తోందని అందులో ఎలా రాయను? బంధువులను చూడటానికి అని రాశాను. ఆమె బాధ్యత నాదని, ఇక్కడ ఏ పనీ చేయదని, గడువు లోపల తిరిగి వెళ్తుందని ఉత్తరం రాసి సంతకం పెట్టాను. వీసా చేతికొచ్చేసరికి ఆగస్టు చివరికొచ్చింది. అంటే మే నుంచి ఆగస్టు దాకా మా అక్క తన ఇంటి గడప దాటలేదు. ఎదురింట్లో పాలు పొంగించినా, పక్కింట్లో బిడ్డ పుట్టినా, కిటికీలోంచి వినడమే. ఇక్కడ ఏ ఆఫీసులోనో ఎవరి బల్ల మీదో ఉన్న కాగితం కోసం అక్కడ ఆమె మంచం మీద కూర్చుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్క కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగస్తుడు. పొలం కౌలుకిచ్చేసి తన ఫ్లాటుకు వచ్చేయమన్నాడు. "చెల్లెలి దగ్గర మూడు నెలలుండి వస్తా. అప్పుడు చెప్తా" అని అక్క గడువు అడిగింది. మిరప వేసే పొలం అది, ఆరెకరాలు. తను ఊళ్ళో ఉండి వ్యవసాయం చేసుకోవాలా, కొడుకు ఇంట్లో పదకొండో అంతస్తులో కూర్చోవాలా అన్నది ఆ మూడు నెలల్లో తేలాలి. మా అక్క ఐర్లాండ్ వచ్చింది నిద్ర కోసమే అయినా, తెచ్చుకున్న బరువు మాత్రం ఇది.

సెప్టెంబరు మొదట్లో వచ్చింది. పెట్టె తెరిచి ఒక చీర తీసి నా చేతిలో పెట్టింది.

"పుట్టింటోళ్ళు చీర పెట్టాల కదే. నీకిక్కడ దొరకదని నేనే కొనుక్కొచ్చా. దాచిపెట్టి, మూడో రోజు నాకియ్యి."

తీసుకుని ప్రెస్‌లో పెట్టాను. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు. మూడో రోజు ఉదయం తీసి, బొట్టు లేని ఆమె నుదుటి వైపు చూడకుండా, ఆమె కొన్న చీర ఆమెకే పెట్టాను. "బాగుందే, మంచి రంగు తెచ్చావు" అంది. వేళాకోళమో, మనస్ఫూర్తిగా అందో నాకు తెలియలేదు. మా అక్క మాటల్లో ఆ తేడా ఎప్పుడూ తెలియదు.

నాలుగో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఇంక ఎవరింటికన్నా పోవచ్చు. యాడికి పోదాం?" అంది.

ఈ దారిలో మాకు చుట్టాలా పక్కాలా! మా ఇంటికి దగ్గరగా ఉన్న ఇల్లు ఆపిల్ తోటవాళ్ళది. తోట యజమాని అరవై దాటిన ఆవిడ. పొడగరి, మోకాలికి పట్టీ, కాళ్ళకు రబ్బరు బూట్లు. ఎనిమిదేళ్ళలో ఆమెతో నేను మాట్లాడింది కారు అద్దం దించి వాన గురించి మాత్రమే. ఎనిమిదేళ్ళు నేను దాటని గేటును మా అక్క నాలుగో రోజున దాటింది. నేను వెనకాల పరుగెత్తాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ రోజే కోతలు మొదలుపెడుతున్నారు. కూరకు వాడే పుల్ల ఆపిల్ చెట్లు అవి. కాయ ఒక్కొక్కటి పిడికిలికి మించి ఉంటుంది. నలుగురు కోతవాళ్ళు మెడకు సంచులు తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు. తోటామె మా అక్కను చూసి, ఆ చీరను చూసి, నవ్వి, ఒక సంచి అందించింది. మా ఇంటికి చుట్టం వచ్చింది కాబట్టి మొదటి కాయ ఆమే కోయాలంది. మర్యాదకు అన్నమాట. నేను తెలుగులో చెప్పాను.

అక్క రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు పైట కింద దాచుకుంది.

"నేను ముండమోసినదాన్నని చెప్పవే. బోణీ నా చేత్తో చేయిస్తే తోటకి అరిష్టం. ముందే చెప్పు. తర్వాత తెలిస్తే పాపం ఏడుస్తది."

మా అక్క భర్త మే నెలలో పోయాడని ఆమెకు చెప్పాను. అరిష్టం అన్న ముక్కకు కావలసిన ఇంగ్లీషు నా దగ్గర ఉంది, కానీ అది చెప్పలేదు. ఆమె చేతి తొడుగు తీసేసి, అక్క చేతిని పైట కిందనుంచి బయటికి తీసి, రెండు చేతుల్లో పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంది. ఈ దేశంలో చావు జరిగిన ఇంట్లో అందరూ చెప్పే మాట అది. ఆ తర్వాత సంచి తనే అక్క మెడలో వేసింది.

"చెప్పావా?" అంది అక్క.

"చెప్పాను."

"మొత్తం చెప్పావా?"

"మొత్తం చెప్పానక్కా. ఆమెకు పట్టింపు లేదట."

అక్క నా మొహంలోకి కొంచెంసేపు చూసింది. చెట్టు వైపు తిరిగి చెయ్యి పైకెత్తింది.

ఆ రోజు నుంచి మూడు వారాలపైన ఆమె రోజూ వెళ్ళింది. నేను ఆఫీసుకు కారు తీసే వేళకే, చీర మీద మా ఆయన వానకోటు, కాళ్ళకు మా అమ్మాయి పాత బూట్లు వేసుకుని గేటు దగ్గర ఉండేది. పంపడానికి నేను ఇంట్లో ఉంటే కదా! తోటామె డబ్బు ఇవ్వబోతే వద్దని చేతులూపి, ఒక సంచి కాయలు మాత్రం తెచ్చేది. వాటితో పప్పు చేసింది, పచ్చడి చేసింది, చివరికి పులిహోర కూడా చేసింది. మా ఆయన మొహమాటానికి రెండోసారి పెట్టించుకుని ఇరుక్కుపోయాడు.

"కాయని లాగకూడదే. అరచేతిలో పెట్టుకుని పైకెత్తి తిప్పాల. తొడిమ దాంతోనే వస్తది. బొటనవేలు నొక్కావా, రెండో రోజుకి అక్కడ కమిలిపోద్ది" అని నాకు వంటింట్లో నిమ్మకాయతో చూపించింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తోటామెకు తెలుగు రాదు. ఇద్దరూ రోజంతా మాట్లాడుకునేవాళ్ళు. ఒక శనివారం నేను కంచె దగ్గర నిలబడి విన్నాను. అక్క తన కోడలి గురించి చెబుతోంది. ఆమె తన మోకాలి గురించి చెబుతోంది. మధ్యమధ్యలో, ఇక్కడ బాగుందనడానికి వాడే మాట, "గ్రాండ్, గ్రాండ్" అని ఇద్దరూ అంటున్నారు.

మే నెల నుంచి మాత్ర లేకుండా నిద్రపట్టని మనిషి. రెండో వారానికి ఆ మాత్రల అట్ట నా పసుపు డబ్బా పక్కన పడి ఉంది. దాని సంగతే ఆమెకు గుర్తులేదు.

ఒక సాయంత్రం అన్నం తింటూ, అడగకుండానే మొదలుపెట్టింది.

"ముప్పై ఏళ్ళు గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డానే. తొడిమలు ఊడగొట్టబాకండే అని అరవటమే నా పని. ఒక్క కాయ కోసి ఎరగను. మీ బావ చేలోకి దిగనిచ్చేవాడు కాదు, పరువు తక్కువని. ఆళ్ళు కోస్తా నవ్వుకునేవాళ్ళు. ఏం జెప్పుకుని నవ్వుతన్నారో నాకు వినపడేది కాదు. గట్టు దూరం గదా."

"ఇక్కడ వినబడుతోందా?"

"వినపడుద్ది. అర్థం కాదు. అయినా నవ్వుతా." ఇంకో ముద్ద కలుపుకుని, కంచంలోకి చూస్తూ అంది. "ఈ ఏడు మిరప నేనే వేద్దామనుకుంటన్నానే. కౌలుకియ్యకుండా. నాలుగెకరాలన్నా. చేతనవుద్దంటావా?"

"నీకు చేతకానిదేముంది?" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

అక్టోబరులో దసరా వచ్చింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళం చర్చివాళ్ళ పారిష్ హాలు ఒకటి తీసుకుని పూజ పెట్టుకుంటాం. ఏడాది తిరగలేదు కాబట్టి అక్క రాలేదు. నేను వడలు వేయించడానికి నిలబడ్డాను. నాకంటే పదేళ్ళు చిన్నది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగస్తుడి భార్య, నా పక్కకొచ్చింది.

"ఆంటీ, మీ అక్కగారు ఆపిల్ తోటలో పనికెళ్తున్నారట కదా? మా ఆయన కారులో పోతూ చూశారట. నేనైతే నమ్మలేదు. సరదాకేనా?"

"సరదాకే" అన్నాను.

"అదే అనుకున్నా. అయినా విజిట్ వీసా కదా ఆంటీ, ఎవరైనా గార్డులకు చెప్తే ఇబ్బందేమో." ఇక్కడ పోలీసులను గార్డులంటారు. "మీకెందుకులెండి, మీకు తెలియనిదా" అని ఒక వడ తీసుకుని వెళ్ళిపోయింది.

వీసా నిబంధన నాకు తెలుసు. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా పని చేయకూడదు. ఆ ఉత్తరం మీద నా సంతకమే ఉంది. ఆమెను ఆపితే చట్టం నా వైపే ఉందని ఎవరితోనైనా వాదించగలను, గెలవగలను కూడా. కానీ మూడు వారాలు గుర్తుకురాని వీసా, చూసినవాళ్ళున్నారని తెలిసిన గంటలో గుర్తుకొచ్చింది. దీనికి నా దగ్గర వాదన లేదు. హాలులో మిగతావాళ్ళు ఏమనుకుంటున్నారో అని ప్రతి మొహంలోకీ చూశాను. "సరదాకేనా" అన్న మాట ఇంటికి వచ్చేదాకా చెవిలో గీరుతూనే ఉంది.

మా ఆయన ఒకే మాట అన్నాడు. "వదినగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. రూలు ఇదీ అని చెబితే ఆవిడకు అర్థం కాదా?"

"మీరు ఊరుకోండి" అన్నాను.

అర్థం అవుతుంది. ఆ తర్వాత అడుగుతుంది: డబ్బు తీసుకోవడం లేదుగా, పక్కింటికి పోతే తప్పేంది, ఎవరు చూశారు, చూస్తే నీకేం. చివరి ప్రశ్నకు జవాబు నా మొహం మీదే ఉంటుంది. ప్రపంచంలో ఎవరితోనైనా వాదనకు దిగుతాను గానీ, మా అక్క నా మొహం చదువుతుంటే నిలబడలేను. అందుకని అడ్డదారి తొక్కాను.

మర్నాడు ఆమె లేవకముందే గేటు దగ్గరకు వెళ్ళాను. మా అక్కకు నడుంనొప్పి వచ్చిందని, డాక్టరు కదలొద్దన్నాడని తోటామెకు చెప్పాను. ఆమె నిజంగా నొచ్చుకుంది. ఏటి పక్కన చివరి సాళ్ళు ఆలస్యంగా పండుతాయి, తగ్గాక రమ్మను, ఆమె కోసం కొన్ని చెట్లు ఉంచుతానంది.

ఇంటికి వచ్చేసరికి అక్క వానకోటు వేసుకుని బూట్లలో కాళ్ళు పెడుతోంది.

"కోతలైపోయినాయట అక్కా. ఇంక రానక్కర్లేదంది."

"అయిపోయినయ్యా? ఏటి పక్క సాళ్ళు అట్టాగే ఉన్నయ్యే."

"అవి వేరేవాళ్ళకు గుత్తకిచ్చిందట."

కోత మొత్తం ఒకరికి ఒప్పజెప్పే గుత్త అంటే ఏమిటో అక్కకు బాగా తెలుసు. అందుకే ఆ మాట వాడాను. తెలిసిన మాట కాబట్టి ప్రశ్న వేయదనుకున్నాను. వేయలేదు. ఒక బూటు తీసి పక్కన పెట్టింది. రెండోది తీయకుండా అలాగే కూర్చుంది.

"నేను కోసిన కాయలు కమిలినయ్యేమో" అంది.

"అదేం లేదు."

కుడి చెయ్యి తిప్పి బొటనవేలు చూసుకుంది. "పోనీ నా చెయ్యి గురించి ఎవరన్నా చెప్పి ఉంటారా ఆమెకి? మీ తెలుగోళ్ళు ఉన్నారు గదా ఊళ్ళో. భర్త పోయినదాని చేత బోణీ చేయించావని?"

ఇక్కడ ఆగి ఒకటి ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నిజం చెప్పడానికి నాకు ఎంత చోటు దొరికిందో నాకు తెలుసు. ఒక్క వాక్యం సరిపోయేది: "కాదక్కా, నిన్ను వద్దన్నది నేను." చెప్పలేదు. "ఏమో, నాకేం తెలుసు. అలాంటివన్నీ పట్టించుకోకు" అన్నాను. అంటే తోసిపుచ్చనూ లేదు, అవుననీ అనలేదు. మా ఫ్యాక్టరీలో ఎవరైనా ఇలాంటి జవాబు రాస్తే కాగితం వెనక్కి పంపిస్తాను.

ఆ తర్వాత రోజూ వాన. అక్క వెనక గది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. కంచె అవతల ట్రాక్టరు చప్పుడు వినబడేది. మొదటి రెండు రోజులు విన్నది. మూడో రోజు నుంచి కిటికీ మూసేసి కూర్చునేది. పసుపు డబ్బా పక్కనున్న మాత్రల అట్ట మళ్ళీ ఆమె దిండు కిందకు చేరింది. మిరప మాట నేనే ఎత్తాను. "ఏ విత్తనం వేద్దామనుకుంటున్నావక్కా?" అన్నాను. "చూద్దాంలే" అంది. పుల్ల ఆపిల్ పచ్చడి అయిపోయింది. మళ్ళీ చేయలేదు.

మా అమ్మాయికి పదహారేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాస ఇంగ్లీషులో ఇస్తుంది. పెద్దమ్మ అలా కూర్చోవడం దానికి నచ్చలేదు. కోతల రోజుల్లో తను తీసిన ఒక ఫోటోను హైదరాబాద్‌లో వాళ్ళన్నయ్యకు, అంటే అక్క కొడుకుకు, పంపింది. వానకోటు, మెడలో సంచి, కాయ పట్టుకుని పైకెత్తిన చెయ్యి, నోరంతా తెరిచి నవ్వుతున్న మా అక్క. పెద్దమ్మ ఎంత బాగుండేదో చూడు, ఇప్పుడెలా ఉందో అడుగు అని దాని ఉద్దేశం.

"షీ వాజ్ హ్యాపీ, మామ్. ఐ థాట్ హీ షుడ్ సీ ఇట్" అంది తర్వాత.

వాడు నవ్వును చూడలేదు, సంచిని చూశాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. నేను చపాతీపిండి కలుపుతున్నాను కాబట్టి స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. అక్క ఎదురుగా కూర్చుని పచ్చిమిరపకాయలు తరుగుతోంది.

"ఏంది పిన్నీ ఇది? మా అమ్మను కూలికి పంపుతావా?"

"నేను పంపలేదురా."

"మరి ఈ ఫోటో ఏంది? మన చేలో కోతకొచ్చేవాళ్ళు చూస్తే నేను ఊళ్ళో మొహమెట్టా ఎత్తుకోవాల? నాలుగు నెలలు ఆగి నీ దగ్గరికని వచ్చింది పిన్నీ. ఒక మనిషికి కూర్చోబెట్టి తిండి పెట్టలేవా?"

"నోరు అదుపులో పెట్టుకో. మీ అమ్మ ఇక్కడే ఉంది, వింటోంది. ఎవరు పంపారో అడుగు."

"అమ్మా, చెప్పు. నిన్ను ఎవరు పంపారు?"

కత్తి ఆగింది. నేను నిబ్బరంగానే ఉన్నాను. ఎంత కోపమున్నా మా అక్క అబద్ధం చెప్పదని నా నమ్మకం.

"మీ పిన్ని పొమ్మంటే పోయాలేరా" అంది, తల ఎత్తకుండా. "ఆమె ఇంట్లో ఉండి కాదని ఎట్టాగంటా?"

కత్తి మళ్ళీ కదిలింది.

అవతల వాడు ఇంకా చాలా అన్నాడు. నా పిండి చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి. నేను పంపలేదని రుజువు చేసుకోవాలంటే ఒకటే దారి: పంపలేదురా, వెళ్తుంటే ఆపేశాను, ఆపడానికి రెండు వైపులా రెండు అబద్ధాలు చెప్పాను అనాలి. అక్క ఎదురుగా కూర్చుని ఉండగా అనాలి. ఒక అబద్ధపు నింద మోయడమే తేలికనిపించింది. అలా ఆ కథ గుంటూరు జిల్లాకు నా వంటింట్లోంచే వెళ్ళింది.

వాడు గురువారానికి టిక్కెట్ మార్పించాడు. మూడు నెలలుంటానని వచ్చిన మనిషి, ఆరు వారాలు కూడా నిండలేదు. మధ్యలో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. చీరలు మడిచాం, ఆవకాయ జాడీ తిరిగి పట్టుకెళ్ళాలా వద్దా అని వాదించుకున్నాం. సర్దుతూ సర్దుతూ, "పొలాన్ని వాడు ఎవరికిస్తానంటే వాళ్ళకియ్యమన్నా. నా చేత్తో ఏం పెట్టినా ఇంక అచ్చిరాదులే" అంది. పెట్టె జిప్పు లాగుతూ, ఇక్కడి వాన గురించి చెప్పినట్టే చెప్పింది.

గురువారం పొద్దున కారులో పెట్టె పెడుతుంటే తోటామె వచ్చింది. అక్కను కౌగిలించుకుంది. కౌగిలించుకుని, అరచేతిని అక్క నడుం మీద ఆనించి, నొప్పి పూర్తిగా పోయిందా అని నన్ను అడిగింది.

"ఏమంటంది?" అంది అక్క.

"ఆరోగ్యం జాగ్రత్త అంటోంది."

"నడుం పట్టుకుని అడుగుతుందేందే?"

"ఇక్కడ అలాగే అంటారు."

అక్క ఆమె వైపు తిరిగింది. "గ్రాండ్" అంది ఆమెతో. కారు ఎక్కింది. తోట పక్కనుంచే దారి. ఏటి దగ్గర చివరి సాళ్ళలో నిచ్చెనలు వేసి ఉన్నాయి, నలుగురూ కోస్తున్నారు. అక్క అటు తిరిగి చూడలేదు. డబ్లిన్ విమానాశ్రయం దాకా గంటన్నరకు పైగా ప్రయాణం. పాస్‌పోర్ట్ ఉందా అని నేను రెండుసార్లు అడిగాను. ఉందని రెండుసార్లు చెప్పింది.

ఇది ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేను భరించేదాన్నే. ఆమె వెళ్ళిన నెలకు మా అమ్మాయి టీ తాగుతూ మామూలుగా అంది. ఆ ఆదివారం ఫోన్ రావడానికి ముందు బుధవారం, నేను ఆఫీసులో ఉండగా, తోటామె ఇంటికి వచ్చిందట. పెద్దమ్మ నడుంనొప్పి ఎలా ఉందని అడిగిందట. ఏం నొప్పి, బాగానే ఉందిగా అని ఇది చెప్పిందట. మరి ఎందుకు రావడం లేదు, చెట్లు ఉంచాను కదా అందట ఆమె.

"పెద్దమ్మకు చెప్పావా?"

"యా."

"ఏమని చెప్పావు? తెలుగులో ఏమన్నావో సరిగ్గా చెప్పు."

"ఐ డోంట్ నో, మామ్. 'ఆమె రమ్మంది, నొప్పి పోయిందా అంది' అని, సంథింగ్ లైక్ దట్."

"పెద్దమ్మ ఏమంది?"

"తల ఊపింది."

దాని తెలుగుకు మా అక్క ఎప్పుడూ తల ఊపేది. అర్థమైనా ఊపేది, అర్థం కాకపోయినా ఊపేది. పిల్ల నొచ్చుకుంటుందని.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాను. పదకొండో అంతస్తులో గాలి బాగా వస్తుందంటుంది. కోడలు బాగానే చూస్తోందంటుంది. నిద్ర పడుతోందా అంటే, మాత్ర వేసుకుంటే పడుతుందంటుంది. మా ఆయన పక్క గదిలోంచి "అడుగు, ఇవాళైనా అడుగు" అని సైగ చేస్తాడు. నేను ఇక్కడి చలి గురించి చెప్పి పెట్టేస్తాను.

ఆ బుధవారం నా బిడ్డ మాట ఆమెకు అర్థమై ఉంటే, ఆదివారం ఆమె అన్న మాట నాకు శిక్ష. వేయవలసిన శిక్షే, కిక్కురుమనను. అప్పుడు తన చెయ్యి మంచిదేనని, తోటామె వద్దనలేదని కూడా ఆమెకు తెలిసే ఉంటుంది. తెలిసీ ఆ నాలుగెకరాలు వదులుకుందా? అర్థం కాకపోయి ఉంటే, పరాయి దేశపు తోటకు కూడా తన చెయ్యి పనికిరాలేదని నమ్ముతూ అక్కడ కూర్చుని ఉంది. నమ్ముతూ, నా మీద ఏ కోపమూ లేకుండానే, కొడుకుకు భయపడి నా పేరు చెప్పింది. రెండింటిలో ఏది నిజమైనా నాకు నిద్ర లేదు. కానీ రెండో దానికైతే ఇప్పుడైనా చేయగలిగింది ఒకటి ఉంది, ఉన్నది ఉన్నట్టు చెప్పేయడం.

అక్కా, వాడితో నా పేరు చెప్పిన ఆ మధ్యాహ్నానికి, నిన్ను తోటకు రావద్దన్నది ఆమె కాదని, నేనని నీకు తెలుసా, తెలియదా?